కింద పొర

కుడి తలుపు మీద జానెడు గీత.
గేటు నన్ను గీయలేదు, నేనే గేటుని గీశాను.
సింధియా రోడ్డులో ట్యాంకర్ల మధ్య
చెక్కు చెదరకుండా వచ్చినదాన్ని
నా వీధిలో, నా గేటు ముందు తడబడ్డాను.

షెడ్డువాడు తలుపంతా వేయాలన్నాడు.
ఆరువేలు, మూడు రోజులు.
జానెడు గాయానికి ఒళ్ళంతా కట్టు.
"నెల్లాళ్ళు ఒగ్గీసి చూడు," అన్నాడు నూకరాజు మావ,
"తుప్పే నీకు బిల్లేస్తాది."

ముప్పయ్యేళ్ళు షిప్‌యార్డులో
ఓడల పొట్టలకి రంగులేసిన మనిషి.
ఇప్పుడు మోకాళ్ళు రెండూ వంగవు.
అందుకని స్టూలు ఆయనది,
నీళ్ళ బకెట్టు నాది.

ఆదివారం. ఎండ యారాడ కొండ దాటకముందే
సబ్బునీళ్ళతో కడిగాను. నల్లగా దిగాయి.
పోర్టు బొగ్గు. రోజూ పీల్చేదే,
తలుపు మీంచి కారితే మాత్రం రోత పుట్టింది.

ఎనిమిదొందల నంబరు గరుకు కాగితం
తెగిన హవాయి చెప్పు ముక్కకి చుట్టి
తడిపి, రుద్ది, తడిపి.
"గుండ్రంగా కాదమ్మా, గీత ఎటెల్తే అటు.
బరువెయ్యకు. పని నీళ్ళు చేస్తాయి."
కళ్ళు మూసుకుని వేలితో తడమమన్నాడు.
కళ్ళు సరేనన్న చోట
వేలు ఒప్పుకోలేదు.

వెండి రంగు కింద ఇనుము ఉంటుందనుకున్నాను.
ఎరుపు వచ్చింది.
పండుమిరప ఎరుపు, దాని నడుమ
అరచెయ్యంత పసుప్పచ్చ లప్పం.

మావ స్టూలుతో సహా ముందుకి జరిగాడు.
"ఈ తలుపు ఈ బండిది కాదే!"

సింగిల్ ఓనర్, ఒక్క దెబ్బ తగల్లేదన్నాడు
గోపాలపట్నం ఫిలిప్పు, బైబిలు మీద చెయ్యేసినంత నెమ్మదిగా.
తడిచేత్తోనే ఫోను తీశాను.
పేరు దాకా వెళ్ళి ఆగాను.
రెండేళ్ళు.
నైట్ డ్యూటీ దిగి కాన్వెంట్ జంక్షన్ సిగ్నల్లో
తలానించి కునుకు తీసింది ఈ తలుపుకే.
ఎవరిదైతేనేం, వాన లోపలికి రానిచ్చిందా?
ఫోను గోడ మీద పెట్టేశాను.

అప్పుడు చూశాను, లప్పంలో ఒక బొటనవేలి ముద్ర.
గీతల్లో పాత ప్రైమరు ఇరుక్కుని
బూడిదరంగు ముగ్గులా.
"ఆరకుండానే ముట్టీసినాడు, తొందరగాడు,"
మావ నవ్వాడు. కాసేపటికి,
"నాదీ ఉందొకటి. ఓ ఓడ అడుగున, నీటిగీతకి కింద.
ఏ సముద్రంలో ఉందో.
తుక్కు చేసీసుంటార్లే."

నా వేలు దాని మీద పెట్టి చూశాను.
నాకంటే చిన్న వేలు. కుర్రాడెవడో.
తర్వాత రుద్దేశాను. సాపు కాకపోతే
రంగు నిలవదు కదా.

ప్రైమరు వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"గాలి తడిగుంది. ఇప్పుడేస్తే తెల్లబోతాది."
మనుషుల గురించే అనుకున్నాను ఆ మాట ఇన్నాళ్ళూ.
ఎండ ముదిరేదాకా కూర్చున్నాం.
జీడిపప్పు ఉప్మా తిన్నాం. ఆయన బీడీ కాల్చడానికి
కారుకి దూరంగా, వీధి చివరిదాకా కుంటుకుంటూ వెళ్ళొచ్చాడు.

డాబాగార్డెన్స్‌లో నంబరు చూపించి కలిపించిన వెండి,
పల్చగా ఒకటి, ఆరాక ఒకటి, ఆరాక ఇంకొకటి.
బొగ్గుపొడి పడకుండా పాత దోమతెర కట్టాం.
లోపల తలుపు, జ్వరమొచ్చిన పిల్లలా.

నాలుగింటికి తెర విప్పాను.
లక్కర మీద రెండువేల కాగితం, పాలిషు,
చిరిగిన బనీను గుడ్డ.
పదడుగుల దూరానికి ఏమీ లేదు.
మూడడుగుల దగ్గర ఒక నీడ,
కొంచెం ముదురు, కొత్తగా నేర్చిన మాటలా.
అంత దగ్గరగా నిలబడేది నేనొక్కదాన్నే.

గేటు ఆకుపచ్చ మీద మాత్రం
నా వెండి గీత అలాగే ఉంది.
వచ్చే వారం దీని పని చూద్దాం అన్నాను.
మావ స్టూలు చంకన పెట్టుకుని
దాన్ని గోరుతో ఒకసారి గీకి చూశాడు.
"ఉండనీ. బండి తిప్పేటప్పుడు
ఎక్కడ తిప్పకూడదో తెలుస్తాది."